ఎత్తుడు డబ్బ

రంగనాథ్ చెవుల్లో లోపమేమీ లేదు. అయితే ఏళ్ల తరబడి ఇనుము కోసి, కాల్చి, సాగగొట్టినవాడికి ఎదుటి మనిషి మాట చెవిలో పడటం ఒకటి, బుర్రకెక్కడం ఇంకొకటి. మొదటిది అతనే చేసుకునేవాడు. రెండోది మాత్రం భార్య కమలమ్మకు వదిలేశాడు.

ప్రొద్దుటూరు నుంచి ఇద్దరూ కొండాపూర్ చేరేనాటికి ఇక్కడ అద్దాల మేడలు ఇప్పటిలా ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి కూర్చోలేదు. బండరాళ్లు, మధ్యలో సీతాఫలం పొదలు, అక్కడక్కడా పునాది గోతులు. మేడ లేచే ప్రతిచోటా గేటు కావాలి, గ్రిల్లు కావాలి, మెట్లకు కడ్డీలు కావాలి. రంగనాథ్ ఒక సందు చివర రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని వెల్డింగ్ పని మొదలుపెట్టాడు. అదే సందు మొదట్లో కాపురం. అక్కడొక పెద్ద రాతి గుండు ఉండేది. దాన్ని పగలగొట్టడం ఎవరివల్లా కాక, ఇంటి యజమాని దాని నెత్తినే రెండు గదులు కట్టేశాడు. అందుకే ఆ ఇంటి అరుగు రోడ్డు మీద నిలబడిన మనిషి ఛాతీ దాకా వస్తుంది. ఎక్కాలన్నా దిగాలన్నా రాతిలో తొలిచిన నిటారు మెట్లే గతి.

వచ్చిన కొత్తలోనే శేరిలింగంపల్లి పెద్దమనిషి ఒకాయన షెడ్డుకొచ్చి, "వాకిలికి రేకులు కొట్టాలె" అన్నాడు. కడప వైపు వాకిలి అంటే తలుపు. రంగనాథ్ ముచ్చటపడి మందపాటి రేకుతో, నడుమ పువ్వు కూడా పెట్టి, గట్టి తలుపు చేసి మోసుకెళ్లాడు. ఇక్కడివాళ్లకు వాకిలి అంటే ఇంటి ముందరి జాగా. అక్కడికి ఎండ పడకుండా రేకుల కప్పు వేయమన్నాడు ఆయన. తలుపు మోసుకుని వచ్చినవాణ్ణి చూసి ఆ ఇంటివాళ్లకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. రంగనాథ్‌కు మాత్రం ఆ తలుపు మళ్లీ వెనక్కి మోసుకు రావడం బాగా గుర్తుంది.

ఆ మర్నాటి నుంచే కమలమ్మ షెడ్డు గుమ్మంలో ఇనప స్టూలు వేసుకుని కూర్చుంది. వచ్చినవాళ్లు గుంటూరువాళ్లయినా, గోదావరివాళ్లయినా, చేవెళ్లవాళ్లయినా, ఆఫీసుల నుంచి వచ్చి సగం ఇంగ్లీషులో చెప్పేవాళ్లయినా ముందు ఆమెతో మాట్లాడాలి. ఆమె రెండు ప్రశ్నలు అడిగి, వాళ్ల చేత నేల మీద సుద్దతో గీయించి, ఆ తర్వాత మొగుడికి చెప్పేది. అతను ముఖానికి అద్దం దించుకుని పనిలోకి దిగేవాడు. కమలమ్మ ఉన్నంతకాలం ఆ షెడ్డులో నాలుకలు తడబడ్డాయి కానీ పనులు తడబడలేదు. మధ్యలో వాళ్లకు హరిత పుట్టింది, పెరిగింది, పెళ్లై బాచుపల్లి వెళ్లింది. స్టూలు మాత్రం గుమ్మంలోంచి కదల్లేదు.

పోయిన ఎండాకాలం కమలమ్మకు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట కొన్నాళ్లు ముద్దగా వచ్చి, మెల్లగా తేరుకుంది. కాలు తేరుకోలేదు. చక్రాల కుర్చీ వచ్చింది. అయితే ఆ నిటారు మెట్ల మీద చక్రాలేం చేస్తాయి?

ఒకసారి దవాఖానకు తీసుకుపోవాల్సి వచ్చి, ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నలుగురు నాలుగు కాళ్లూ పట్టుకుని మెట్లు దింపారు. ఎదురుగా హాస్టల్ ముందు ఆఫీసుకు పోయే పిల్లలు బైకుల దగ్గర గుంపుగా ఉన్నారు. మంచి పిల్లలు. గబగబా బైకులు పక్కకు తీశారు. ఒకడు చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసేశాడు, ఇంకొకడు టోపీ చేతిలోకి తీసుకున్నాడు. మాటలు ఆపి, గోడకు ఆనుకుని, తలలు వంచుకుని దారి ఇచ్చారు. వాళ్లు గౌరవంగానే చేశారు. కమలమ్మకు ఆ గౌరవమే గుండెలో దిగింది.

ఇంటికొచ్చాక ఆమె అరవలేదు, ఏడవలేదు. గోడ వైపు చూస్తూ అంది.

"ఏమయ్యా, నలుగురు కలిసి ఎత్తేది మనిషికి ఒక తూరే. ఆ తూరి ఎట్లాగూ ఎత్తుతారు. అంతవరకు నన్ను ఎవురూ ఎత్తొద్దు."

అంతే. ఆ రోజు నుంచి కమలమ్మ ఆ రెండు గదులు దాటలేదు. మెట్ల పక్కన ఏటవాలు దారి ఒకటి కట్టిస్తానన్నాడు రంగనాథ్. అంత ఎత్తుకు వాలు కట్టాలంటే సందంతా అదే అవుతుంది. పైగా ఆమె, "దాని మీద నన్ను దొర్లిస్తాంటే సందులో వాళ్లంతా నిలబడి చూస్తారు, వద్దు" అనేసింది. వ్యాయామం చేయించే సుష్మ అనే అమ్మాయి వారానికి రెండుసార్లు ఇంటికే వచ్చేది. 'ఎత్తు' అనే మాట ఆ ఇంట్లో ఎవరి నోటా రావడం మానేసింది. బియ్యం బస్తాను సైతం రంగనాథ్ "జరుపుతాను" అనేవాడు.

షెడ్డులో స్టూలు ఖాళీగా ఉండేది. దాని మీద ఎవరైనా కూర్చోబోతే అతనికి ఒళ్లు మండేది. గంటకోసారి పని ఆపి ఇంటికి పోయి చూసి వచ్చేవాడు. ఆమె షెడ్డుకు మళ్లీ రావాలని, గుమ్మంలో కూర్చుని తనను నలుగురిలో కసరాలని అతనికి ఎంత ఆశగా ఉండేదో చెప్పలేం. ఆ మాట ఆమె ముందు ఎత్తడానికి మాత్రం ధైర్యం చాలేది కాదు.

అలాంటి రోజుల్లో యాదమ్మ ఫోను వచ్చింది.

యాదమ్మది శేరిలింగంపల్లి. ఒకప్పుడు ఐటీ పార్కుల్లో ఆకులు ఊడ్చేది. ఇప్పుడు తనకే ఒక చిన్న టిప్పర్ ఉంది, తనే నడుపుతుంది. వానలు రాబోయే ముందు హైటెక్ సిటీ రోడ్ల మీద తీగలకు తగిలే కొమ్మలు నరుకుతారు. నరికిన కొమ్మల్ని ఒక మిషన్‌లో దూరిస్తే అది నమిలి పేళ్లు చేసి, వంకర గొట్టంలోంచి టిప్పర్ తొట్టిలోకి ఊస్తుంది. తొట్టికి గోడలు పొట్టి. సగం పేళ్లు తొట్టిలో పడితే సగం వెనక వచ్చే కార్ల అద్దాల మీద, బస్టాపులో నిలబడినవాళ్ల కాఫీల్లో పడుతున్నాయి. కార్లవాళ్లు దిగి మరీ తిడుతున్నారు. ఆ మిషన్ పక్కనే నిలబడి ఆమె అరిచింది.

"అన్నా! నా బండికి పేళ్లు పట్టేటి ఎత్తుడు డబ్బ కావాలె! ఎత్తుడు డబ్బ! సమజైందా?"

"అయింది, అయింది. ఎత్తు డబ్బా."

"గదే!"

రంగనాథ్ బండి కొలతలు తీసుకొచ్చి, పనికి కూర్చున్నాడు. చాన్నాళ్లకు మనసు పెట్టి చేసే పని దొరికింది. అడుగున బరువైన యాంగిల్ ఫ్రేము, చుట్టూ దళసరి రేకు, వెనక రెండు రెక్కల తలుపు, పేళ్లు ఊసే గొట్టం కోసం పైన కప్పు లేకుండా ఖాళీ. ఎత్తు అడిగింది కదా అని గోడలు పెంచుకుంటూ పోయాడు. లోపల మనిషి నిలబడినా బయటికి తల కనిపించదు. రంగు కూడా వేసి, దూరంగా నిలబడి చూసుకుని, తనలో తనే మురిసిపోయాడు.

యాదమ్మ వచ్చి డబ్బా చుట్టూ తిరిగింది. మొహం విప్పారింది.

"మస్తున్నదన్నా! ఇగ ఎత్తు మరి."

"ఎత్తేదేంది మా? చైన్ పుల్లీతో నీ తొట్టిలో దించుతా. బోల్టులు బిగిస్తా. ఇంగ కదలదు."

"కదలకుంటెట్ల? ఒకనాడు కొమ్మల పని, ఇంకోనాడు ఇసుక పని. ఇసుక పోసేనాడు డబ్బ తీసి ఇంటికాడ పెట్టాలె, కొమ్మలు కొట్టుడు ఉన్ననాడు మళ్ల ఎక్కియ్యాలె. గా ముచ్చటే చెప్తిని గదన్నా ఫోన్ల!"

ఇద్దరూ చెరో పక్క పట్టుకుని చూశారు. డబ్బా వాళ్లను పట్టించుకోలేదు. యాదమ్మ నడుం పట్టుకుని నిలబడింది. రంగనాథ్ మాత్రం ఆమె అన్న 'కొమ్మలు కొట్టుడు' దగ్గరే ఆగిపోయాడు. కొట్టుడు అంటే కొట్టడం. అట్లాగైతే ఎత్తుడు అంటే... నాలుక కరుచుకున్నాడు.

"అయ్యో తల్లీ. ఎత్తుడు డబ్బా అంటే ఎత్తేదానికి వచ్చే డబ్బానా? ఎత్తుగా ఉండేది అనుకుంటి."

యాదమ్మ ఒక్క క్షణం నోరు తెరుచుకుని చూసి, పకపకా నవ్వింది. నవ్వు తగ్గాక మొహంలో దిగులు వచ్చింది. "సోమారం నుంచి కొమ్మల పని షురూ అన్నా. జర ఏమన్న జెయ్యి. ఈ డబ్బ లేకుంటె ఆ కార్లోళ్లు నన్ను రోడ్డు మీద నిలబడనియ్యరు."

మధ్యాహ్నం అన్నానికి ఇంటికెళ్లిన రంగనాథ్ మొహం చూసి కమలమ్మ, "ఏమయిందో చెప్పు" అంది. అతను చెప్పాడు. ఆ పాడు మాట వాడకుండా చెబుదామని చూశాడు, కుదిరితేనా? చివరికి నేల చూపులు చూస్తూ, "అదే... ఎత్తుడు డబ్బా అనింది" అన్నాడు.

కమలమ్మ కుడిచేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. అంతలోనే ఆమె భుజాలు కదిలాయి. నవ్వు. ముందు గొంతులో, తర్వాత ఒళ్లంతా.

"ఎత్తుడు అంటే ఎత్తు అనుకుంటివా! నా దేవుడా! వాళ్లు తినుడు, పోవుడు, దించుడు అంటాంటే ఇన్నేండ్లు ఏం వింటివయ్యా? వాకిలి చేసి మోసుకుపోయినోడు, ఇప్పుడేమో..." నవ్వుకు కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి. "నేను గనక ఆడ ఉండి ఉంటే..."

మాట అక్కడ తెగింది. ఇద్దరూ కంచాల్లోకి చూసుకున్నారు.

"నువ్వు లేక అది షెడ్డులాగే లేదు కమలా," అన్నాడు రంగనాథ్. ఏడాదిగా గొంతులో పెట్టుకున్న మాట అంత సులువుగా బయటికొస్తుందని అతను అనుకోలేదు. "తప్పు చేసినానని కాదు. పొద్దుగూకులూ ఆ స్టూలు చూస్తాంటే నాకు పని తోచదు."

కమలమ్మ కంచం పక్కకు జరిపింది. రంగనాథ్ చెయ్యి కడిగించి, ఆమెను మంచం మీద నుంచి చక్రాల కుర్చీలోకి మార్చే పనిలో పడ్డాడు. సుష్మ నేర్పిన పద్ధతి అది. మనిషిని పైకి లేపక్కర్లేదు. మంచం, కుర్చీ ఒకే మట్టంలో ఉంటే, నడుమ నున్నటి పలక వేసి జరిపితే చాలు. అందుకని రంగనాథ్ ఆ మంచం కాళ్లు కుర్చీ మట్టానికి కోసేశాడు కూడా. పలక మీద నుంచి మెల్లగా కుర్చీలోకి జరిగిన కమలమ్మ, సర్దుకుని కూర్చుని, మొగుడి వంక ఒక రకంగా చూసింది.

"ఏమయ్యా, ఇప్పుడు నువ్వు నన్నేమన్నా ఎత్తినావా?"

"లేదే. జరిపినా."

"మళ్ల ఆ డబ్బాను ఎత్తేదెందుకు?"

రంగనాథ్ నిలబడ్డచోటే నిలబడ్డాడు. తర్వాత చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా మెట్లు దిగి షెడ్డుకు పరిగెత్తాడు.

టిప్పర్ తొట్టి ఎంత మట్టంలో ఉందో సరిగ్గా అంతే మట్టానికి ఒక ఇనప బల్ల చేసి షెడ్డులోనే నిలబెట్టాడు, ఇసుక పనుల నాడు డబ్బా దాని మీదే ఉండేలా. బల్ల మీదా, తొట్టి అడుగునా బేరింగుల మీద తిరిగే పైపులు వరసగా అమర్చాడు. బండి వెనక్కి వచ్చి బల్లకు ఆనుకుంటే, పిన్నులు తీసి తోస్తే డబ్బా తొట్టిలోంచి బల్ల మీదికి దొర్లిపోవాలి. కావలసినప్పుడు అలాగే వెనక్కి రావాలి. మామూలప్పుడు డబ్బాను కదలనివ్వకుండా నాలుగు మూలలా నాలుగు పిన్నులు. బల్ల చివర నుంచి షెడ్డు నేలకు ఒక ఏటవాలు పలక కూడా పెట్టాడు. పేళ్లు ఊడ్చేటప్పుడు యాదమ్మ ఎక్కిదిగడానికి అని తనకు తాను చెప్పుకున్నాడు. అంత వెడల్పు ఎందుకు పెట్టాడో, చక్రం జారకుండా అంచులు ఎందుకు మడిచాడో మాత్రం తనకు కూడా చెప్పుకోలేదు.

ఆదివారం పొద్దున యాదమ్మ వచ్చింది. చైన్ పుల్లీతో డబ్బాను ఒక్కసారికి తొట్టిలో దించి, పిన్నులు వేశారు. తోసి చూద్దామని రంగనాథ్ అంటున్నాడు. యాదమ్మ అప్పటికే బండెక్కింది.

"ఆగన్నా. తెలివి వదినెదైతే ముందుగాల నువ్వు నేను జూసుడేంది? ఆమెకు సూపెట్టొద్దా?"

సందులో బండి నడుపుకుంటూ పోయి, ఇంటి ముందు తిప్పి, వెనక్కి తీసుకొచ్చి అరుగుకు ఆనించి ఆపింది. దిగి డబ్బా తలుపు రెక్కలు రెండూ తెరిచింది. వెనకాలే రొప్పుతూ వచ్చిన రంగనాథ్ చూశాడు. రాయి నెత్తిన కట్టిన అరుగూ, బండి తొట్టీ ఒకే మట్టంలో ఉన్నాయి. నడుమ జానెడు సందు. ఇన్నేళ్లుగా ఆ అరుగు మీదే కూర్చుని టీ తాగినవాడికి ఇది తోచలేదు.

అతను నోరు మెదపలేదు. మెదిపితే ఆమె వద్దంటుందని భయం. గుమ్మంలో చక్రాల కుర్చీలో కూర్చుని ఉంది కమలమ్మ. తెరిచిన డబ్బాను చూస్తోంది. అడుగు చూసింది, గోడలు చూసింది, పైన ఆకాశం చూసింది.

"యాదమ్మా, దాంట్లో కూసుంటే సందులో వాళ్లకు కనపడతానా?"

"ఎట్ల కనపడతవ్ వదినా? గా గోడలు సూడు. ఏనుగును కూసోవెట్టినా ఎవ్వనికి కనపడది. మా అన్న చేసిండు గద, ఎత్తు డబ్బ!"

కమలమ్మ మొగుడి వంక చూసింది. అతని మొహంలో ఏం కనిపించిందో ఏమో, ఆమె గొంతు మెత్తబడింది.

"మంచానికి ఏసే పలక తీసుకురాపో. ఈ సందు మీద పరుచు."

పలక వేశాడు. కుర్చీని తోశాడు. చక్రాలు అరుగు దాటి, పలక దాటి, డబ్బాలోకి వెళ్లాయి. ఎవరూ ఎవరినీ ఎత్తలేదు. రంగనాథ్ కుర్చీని రెండు వైపులా బెల్టులతో ఫ్రేముకు కట్టి, చక్రాల వెనక చెక్కలు పెట్టి, పక్కనే మోకాళ్ల మీద కూర్చుని గట్టిగా పట్టుకున్నాడు.

"నేను పడిపోను గానీ నువ్వు పడతావు, సరిగ్గా కూసో," అంది కమలమ్మ.

యాదమ్మ బండిని నిద్రపోయే పిల్లను జోకొట్టినంత మెల్లగా నడిపింది. డబ్బాలోంచి ఆకాశం, కరెంటు తీగలు, హాస్టల్ పై అంతస్తులో ఆరేసిన బట్టలు తప్ప ఏమీ కనిపించవు. కమలమ్మ చెవులతోనే సందంతా చూసింది. ఇది ఇస్త్రీ బండి, ఇది దోసెల బండి, ఇదిగో ఇక్కడ బోరు కొత్తగా వేసినారే, చప్పుడు మారింది. ఒక్కొక్కటే గుర్తుపట్టి చెబుతుంటే రంగనాథ్ ఊఁ కొడుతున్నాడు. హాస్టల్ ముందు పిల్లల మాటలు వినిపించాయి. ఎవడో ఏదో అన్నాడు, అందరూ గట్టిగా నవ్వారు. బండి వాళ్లను దాటి పోయింది. ఆ నవ్వు వినిపించినంతసేపూ కమలమ్మ అటే చెవి పెట్టింది.

షెడ్డులో బండి వెనక్కి వచ్చి బల్లకు ఆనింది. రంగనాథ్ ఆమె కుర్చీ విప్పబోయాడు.

"విప్పొద్దు. డబ్బాతోనే జరపండి నన్ను. పని చేసిందో లేదో తెలియాల గదా."

"వద్దు కమలా, ముందు ఖాళీగా..."

"నువ్వు చేసిన పనే కదా. నాకు నమ్మకం ఉండాది, నీకు లేదా?"

ఆ మాటకు రంగనాథ్‌కు కళ్లు చెమర్చాయి. కిందికి దిగి పిన్నులు తీశాడు. యాదమ్మ తొట్టిలోకెక్కి డబ్బాకు భుజం ఆనించబోయి, ఎందుకో ఆగి, ఒక్క చెయ్యి పెట్టి తోసింది. పైపులు గరగరమన్నాయి. డబ్బా, డబ్బాలో కమలమ్మ, బల్ల మీదికి నింపాదిగా దొర్లి వచ్చి ఆగారు. తలుపు రెక్కలు తెరిచేసరికి ఎదురుగా ఏటవాలు పలక, దాని కింద షెడ్డు నేల, గుమ్మంలో స్టూలు.

పలక మీద నుంచి కుర్చీని దింపుతుండగా ఆమె మడిచిన అంచుల్ని చూసింది. అవి ఎవరి కోసమో అడగలేదు. అర్థమైందన్నట్టు కుడిచేత్తో అతని చెయ్యి నొక్కింది. గుమ్మం దగ్గరికి వెళ్లాక, "ఆ స్టూలు పక్కకు తియ్యి, నా కుర్చీ నేనే తెచ్చుకున్యా" అంది. ఆ పూటంతా అక్కడే కూర్చుంది. గేటు కావాలని వచ్చిన ఒక భీమవరం ఆయనతో సుద్దతో బొమ్మ గీయించింది. షెడ్డు ఎంత మురికి చేశాడో మొగుణ్ణి నలుగురిలో కసిరింది. రంగనాథ్ అన్ని తిట్లూ ఆనందంగా తిన్నాడు.

పొద్దు వాలుతుండగా యాదమ్మ తిరిగి ఇంటి దగ్గర దింపడానికి సిద్ధమైంది. కుర్చీ డబ్బాలోకి ఎక్కాక కమలమ్మ, "ఆ సుద్దముక్క ఇట్లియ్యి" అంది. కుడిచేత్తో పక్క గోడ రేకు మీద, తన మొహం మట్టానికి, ఒక చదరం గీసింది.

"ఈడ కిటికీ కొయ్యి."

"పేళ్లు బయటికి రాలుతయ్ గద వదినా," అంది యాదమ్మ.

"రేకు మూత పెట్టి గడియ పెడతాడు లే. నీ పేళ్లప్పుడు మూసుకో, నా తూరి తెరుచుకుంటా."

రంగనాథ్ ఆ గీత వంక చూశాడు. రోడ్డు చూడటానికైతే అంత పెద్దది అక్కర్లేదు. "జానెడు చాలు కమలా. బయటంతా బాగా కనిపిస్తాది."

"నేను చూసేదానికి కాదయ్యా," అంది కమలమ్మ. "ఆ పిల్లోళ్లు ఆ పొద్దు నన్ను చూసి తలకాయలు వంచుకున్యారు గదా. మళ్ల నేనేమైతినో వాళ్లకు తెలియదు. వాళ్లకు నేను కనపడాల."

రంగనాథ్ గ్రైండర్ తెచ్చి, ఆమె ఒడిలో తడిగుడ్డ కప్పి, కళ్లు మూసుకోమని చెప్పి, ఆమె గీసిన గీత మీదే కోశాడు.